కొత్త పాయింట్ 22 పిస్టల్ కొన్నారా? మ్యాచ్‌కు ముందు 500 రౌండ్ల పని ఉంది

25 మీటర్ల పిస్టల్ మ్యాచ్‌లో రెండో సగం ర్యాపిడ్ దశ. టార్గెట్ 3 సెకన్లు కనిపిస్తుంది, 7 సెకన్లు మాయమవుతుంది, మళ్లీ 3 సెకన్లు. చెయ్యి కిందికి దించి నిలబడాలి, ఆకుపచ్చ లైటు వెలగగానే ఎత్తి ఒక్క రౌండ్ (తూటా) కాల్చాలి. కొత్త పిస్టల్‌తో నేను ఆడిన మొదటి క్లబ్ మ్యాచ్‌లో మూడో షాట్‌కి పేలాల్సిన చోట 'టిక్' అంది. అంతే. చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్ వచ్చేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత మిగిలిన షాట్లు ఎక్కడికి పోయాయో చెప్పుకోవడం దండగ. ప్రతి షాట్ ముందూ పేలుతుందా లేదా అన్న టెన్షనే.

మ్యాచ్ అయ్యాక కోచ్ గారు పిస్టల్ విప్పి, రౌండ్‌ను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ తీసి, వేలి మీద రుద్ది చూశారు. వేలు తళతళా మెరిసింది. "ఏం బాబూ, పిస్టల్‌కి తలంటు పోశావా?" అన్నారు. తప్పు పిస్టల్‌ది కాదు, నాదే. కొత్త వస్తువు కదా అని ముందురోజు రాత్రి కనిపించిన ప్రతి కంతలోనూ నూనె వేశాను.

అప్పటినుంచి కొత్త పిస్టల్ విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. ముందు ఆగకుండా పేలుతుందా అన్నది తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఎంత దగ్గర దగ్గరగా కొడుతుందో చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. ఇక్కడ చెప్పేదంతా పార్డీనీ, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు లాంటి కంపెనీల .22 లాంగ్ రైఫిల్ (అది రౌండ్ పేరు, తుపాకీది కాదు) సెమీ ఆటోమేటిక్ టార్గెట్ పిస్టళ్ల గురించి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం తెచ్చిన ఈవెంట్ ఈ పిస్టళ్లదే.

పెట్టె తెరిచిన రోజు

మ్యాగజైన్ (రౌండ్లు నింపే డబ్బా) తీయండి, బోల్ట్ (రౌండ్‌ను లోపలికి నెట్టే కదిలే ముక్క) వెనక్కి లాగండి, రౌండ్ కూర్చునే చాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడమండి. ఆ తర్వాతే మిగతా పని. లైసెన్సులో ఉన్న నంబరు, పిస్టల్ మీద ఉన్న నంబరు ఒకటేనా అన్నది కూడా ఆ రోజే సరిచూసుకోండి.

పెట్టెలో మూడు చూడాలి. ఒకటి మాన్యువల్. దాన్ని నిజంగా చదవండి. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి డ్రై ఫైర్ చేయొచ్చా, చేస్తే ఎలా అన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. పాయింట్ 22లో ఫైరింగ్ పిన్ రౌండ్ అంచును కొడుతుంది. రౌండ్ లేకపోతే కొన్ని పిస్టళ్లలో అది నేరుగా చాంబర్ అంచును కొట్టి గాటు పెడుతుంది. ఆ గాటు పడితే రౌండ్లు సరిగ్గా కూర్చోవు. రెండోది, చాలా కంపెనీలు పంపే టెస్ట్ టార్గెట్. ఫ్యాక్టరీలో బిగించి కాల్చిన చిల్లుల కాగితం. దాని మీద ఏ రౌండ్లు వాడారో రాసి ఉంటే ఫోటో తీసి దాచుకోండి. మూడోది మ్యాగజైన్లు. వాటి సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే సగం గొడవలు వాటితోనే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా జిడ్డు గ్రీజు పూసి పంపుతారు. అది కాపాడటానికి పూసింది, నడపటానికి కాదు. పొరపాటున దాన్నే కందెన అనుకుంటే మొదటి వంద రౌండ్ల మసి దానికి అంటుకుని నల్లటి హల్వాలా తయారవుతుంది. మాన్యువల్ చెప్పినంత వరకే విప్పి, బట్టతో, సాల్వెంట్‌తో శుభ్రంగా తుడవండి. బ్యారెల్ లోపల, చాంబర్, బోల్ట్ ముఖం, పేలిన రౌండ్ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద, ఫైరింగ్ పిన్ గాడి అన్నీ పొడిగా ఉండాలి. బోల్ట్ జారే పట్టాల మీద మాత్రం సన్నటి నూనె ఒక్కో చుక్క వేసి, వేలితో పరిచి, మిగిలింది తుడిచేయండి. వేలితో ముట్టుకుంటే జారుడు తెలియాలి, తడి తెలియకూడదు. ట్రిగ్గర్ యంత్రంలో నూనె పోయకండి.

బ్యారెల్‌ను వీలైతే చాంబర్ వైపు నుంచే శుభ్రం చేయాలి. ముందు నుంచి రాడ్ దూర్చితే మూతి అంచు గీసుకుపోతుంది. గుండు ఆఖరుగా వదిలిపెట్టేది ఆ అంచునే. అక్కడ ఒక పక్క అరిగితే గుండు ఆ పక్క నుంచి ముందుగా గ్యాస్ వదిలి వంకర పోతుంది. ఉక్కు బ్రష్ మాట మరిచిపోండి.

స్క్రూలు, గ్రిప్, సైట్లు

ఇది పది నిమిషాల పని. గ్రిప్ (చేతి పిడి) స్క్రూ, వెనక సైట్ (గురి చూసే గాడి) స్క్రూలు, ముందు సైట్, బరువులుంటే వాటి స్క్రూలు, అన్నీ ఒకసారి బిగించి, ఒక్కో స్క్రూ తల మీదనుంచి పక్క లోహం మీదకు సన్నటి పెయింట్ గీత గీయండి. వంద రౌండ్ల తర్వాత గీత విరిగి కనిపిస్తే అది వదులైంది. "బ్యారెల్ బాగోలేదు" అని మొత్తుకున్నవాళ్లలో సగంమందికి అసలు జబ్బు వదులైన గ్రిప్ స్క్రూనే అని నా అనుభవం.

వెనక సైట్‌ను ఎంత సన్నగా కదపాలో తెలియాలంటే చిన్న లెక్క. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 220 మిల్లీమీటర్లు అనుకుందాం. నిబంధన ప్రకారం అదే గరిష్ఠం. వెనక సైట్ 0.1 మిల్లీమీటర్ కదిలితే 25 మీటర్ల దగ్గర గుండు 11 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే వెంట్రుక మందమంత వదులు సైట్‌లో ఉన్నా పదో రింగు (పది పాయింట్లిచ్చే మధ్య రింగు) అంచు దాటొచ్చు. సైట్‌ను వేలితో మెల్లగా అటూ ఇటూ తోసి చూడండి. కదలిక తెలిస్తే కాల్చడానికి ముందే బాగు చేయించుకోవాలి.

మ్యాగజైన్లకు నంబర్లు వేయండి

మూడు మ్యాగజైన్లుంటే అడుగున 1, 2, 3 అని పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. ఇది చేయనివాళ్లకు అప్పుడప్పుడూ జామ్ అవుతుంది. చేసినవాళ్లకు రెండో నంబరు మ్యాగజైన్ జామ్ అవుతుంది. రెండింటి మధ్య తేడా ఆ మార్కరే.

పాయింట్ 22 రౌండ్‌కి వెనక అంచు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. మ్యాగజైన్‌లో నింపేటప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, బోల్ట్ నెట్టినా పై రౌండ్ కదలదు. తొందరలో నింపితే జరిగేది ఇదే. ఒక్కో రౌండ్‌ను ముందు నుంచి వెనక్కి జార్చుతూ, ముక్కు కాస్త పైకి చూసేలా పెట్టండి. ఐదు రౌండ్లూ పెట్టాక మ్యాగజైన్ వెనక భాగాన్ని అరచేతిలో రెండుసార్లు మెల్లగా తట్టండి. పెదవుల్లాంటి పై అంచులు రెండూ సమానంగా ఉన్నాయా చూడండి. వంగి ఉంటే మీరు పట్టకారుతో సరిచేయకండి, ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) ఇవ్వండి. మ్యాగజైన్‌ను సిమెంటు నేల మీద పడేసుకుంటే ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టడమే మేలు.

రౌండ్ల గురించి తెలుసుకోవలసినంత

మామూలు రౌండ్‌లో ప్రైమర్ (పిన్ దెబ్బకు పేలి మందును అంటించేది) అడుగున మధ్యలో ఉంటుంది. పాయింట్ 22లో పేలుడు ముద్దను తడిగా ఉన్నప్పుడే గిర్రున తిప్పి అంచు మడత లోపల చుట్టూ పరుస్తారు. ఎక్కడో ఒక చోట ముద్ద చేరకపోతే, సరిగ్గా పిన్ అక్కడే కొడితే, రౌండ్ పేలదు. ఇది పిస్టల్ తప్పు కాదు. ఎంత ఖరీదైన రౌండ్లలోనైనా అరుదుగా తగులుతుంది, చవక వాటిలో కాస్త తరచుగా.

టార్గెట్ పిస్టల్‌కి కావలసింది 40 గ్రెయిన్ల, అంటే దాదాపు 2.6 గ్రాముల సీసం గుండు ఉన్న స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్. ధ్వని వేగం కంటే తక్కువ వేగంతో పోయేది. ఈ పిస్టళ్ల స్ప్రింగులన్నీ దానికి తగ్గట్టు చేసినవే. హై వెలాసిటీ అని రాసిన పెట్టె కొంటే బోల్ట్ వెనక్కి బాదుకుంటుంది, స్ప్రింగులు, ఆ దెబ్బను ఆపే బఫర్ త్వరగా పోతాయి. కచ్చితత్వమూ పెరగదు. ఎలీ, ఎస్‌కే, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్, సీసీఐ కంపెనీలన్నిటికీ ఈ తరగతి రౌండ్లున్నాయి. మీకు ఏడాది పొడుగునా దొరికేవి రెండు మూడు రకాలు ఎంచుకోండి. పరీక్షలో గొప్పగా కొట్టి, ఆ తర్వాత ఆరు నెలలు దొరకని రౌండ్ వల్ల లాభం లేదు.

ఆగకుండా పేలుతుందా: 300 రౌండ్ల లెక్క

వందకు ఒక్కసారే ఆగుతుంది, ఫరవాలేదు అనుకుంటారు చాలామంది. 25 మీటర్ల మ్యాచ్ 60 షాట్లు. వందకు ఒకటి ఆగే పిస్టల్‌తో మ్యాచ్‌లో కనీసం ఒకసారైనా ఆగే అవకాశం 45 శాతం. దాదాపు బొమ్మా బొరుసే. ఐదువందలకు ఒకటైతే 11 శాతానికి దిగుతుంది.

మరి ఎన్ని కాల్చి చూస్తే నమ్మొచ్చు? 3ను మీరు ఆగకుండా కాల్చిన రౌండ్ల సంఖ్యతో భాగించండి. 50 రౌండ్లు హాయిగా పోయాయంటే, అసలు లోపం వందకు ఆరు వరకూ ఉండొచ్చు, మీకింకా తెలియదు. 300 పోతే వందకు ఒకటి లోపేనని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. కాబట్టి ఒకే రకం రౌండ్లు, మూడు మ్యాగజైన్లు, ఒక్కోదానికి 100. కొత్త స్ప్రింగులు సర్దుకోవడానికి దీనికి ముందు ఓ 100 నుంచి 200 రౌండ్లు పోనివ్వండి, వాటిలో జరిగినవి రాసుకోండి గానీ లెక్కలోకి తీసుకోకండి. రౌండ్లకు కోటా ఉంటుంది, ధరా తక్కువేం కాదు. అందుకే వీటిని ఊరికే కాల్చేయకుండా మీ రోజువారీ ప్రాక్టీసులోనే కలిపేయండి. నోట్‌బుక్ పక్కన ఉంటే చాలు.

నోట్‌బుక్‌లో ఒక వరుస ఇలా ఉంటుంది: తేదీ, ఎండా చలా, రౌండ్ పేరు, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు, మ్యాగజైన్ 2, నాలుగో షాట్, పేలలేదు, పిన్ గాటు లోతు తక్కువ. ఆ చివరి మాట కోసమే ఈ శ్రమంతా.

ఆగితే ఏం చూడాలి

'టిక్' అని ఊరుకుంటే పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే రౌండ్లు ఉంటాయి. తర్వాత దాన్ని తీసి వెలుతురులో అంచు మీద గాటు చూడండి.

గాటు లోతుగా, శుభ్రంగా ఉంటే ప్రాక్టీసులో దాన్నే సగం చుట్టు తిప్పి మళ్లీ చాంబర్‌లో పెట్టి ప్రయత్నించండి. రెండోసారి పేలితే ముద్ద లేని చోట మొదటి దెబ్బ పడిందన్నమాట. రౌండ్ తప్పు. గాటు పైపైన గీసినట్టుంటే దెబ్బలో బలం లేదు. మొదటి అనుమానం మసి. చాంబర్‌లో గుండ్ల మీది మైనం, మసి పేరుకుంటే రౌండ్ పూర్తిగా లోపలికి కూర్చోదు, పిన్ దెబ్బలో కొంత బలం దాన్ని లోపలికి తోయడానికే పోతుంది. అలాంటి రౌండ్ రెండో దెబ్బకు పేలుతుంది, అదీ గుర్తే. రెండో అనుమానం పిన్ గాడిలో జిడ్డు, నా కథలో లాగా. ఇవి రెండూ కాకపోతేనే స్ప్రింగ్ దాకా వెళ్లండి.

ఖాళీ కేసు (పేలిన రౌండ్ తొడుగు) బయటికి ఎగరకుండా బోల్ట్ మధ్య పొగగొట్టంలా నిలువునా ఇరుక్కుంటే, బోల్ట్ పూర్తిగా వెనక్కి రావడం లేదని అర్థం. రౌండ్ బలహీనం, పట్టాల మీద ఎండిన జిడ్డు, లేదా ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద చెత్త. మొదట టూత్‌పిక్‌తో ఆ గోరు కింద గీకండి. అక్కడినుంచి వచ్చే నల్ల ముద్ద చూస్తే ఆశ్చర్యపోతారు. కొత్త రౌండ్ ముక్కు చాంబర్ అంచుకు గుద్దుకుని నలిగిపోతుంటే నోట్‌బుక్ తిరగేయండి. ఎప్పుడూ ఒకే మ్యాగజైనా? అయితే దాన్ని పక్కన పెట్టేయండి. మూడింటితోనూ అవుతుంటే రౌండ్ రకం మార్చి చూడండి.

రెండు సందర్భాల్లో మాత్రం పరిశోధన చేయకూడదు, అక్కడికక్కడే ఆపేయాలి. ఒకటి, 'తుస్' అని బలహీనంగా పేలి టార్గెట్ మీద చిల్లు కనపడకపోవడం. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో గుండు కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. రెండు, ఒకసారి నొక్కితే రెండు పేలడం. ఖాళీ చేసి నేరుగా ఆర్మరర్ దగ్గరికి.

ఎక్కడ తగులుతుంది

300 రౌండ్లు ఆగకుండా పోయాకే ఈ పని మొదలుపెట్టండి. గాలి తక్కువగా, వెలుతురు నిలకడగా ఉండే ఉదయం పూట మంచిది. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, మీ మణికట్టు కింద ఆనించండి. బ్యారెల్‌ను సంచికి తగలనివ్వకండి. మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందుండే పిస్టళ్లలో దాన్ని ఆనించడం చాలామంది చేసే పొరపాటు. కింద నుంచి ఒత్తిడి పడితే రౌండ్ చాంబర్‌లోకి వెళ్లే తీరే మారిపోతుంది. గ్రిప్ మీరు నిలబడి పట్టుకున్నట్టే పట్టుకోండి. క్లబ్‌లో పిస్టల్‌ను బిగించి కాల్చే స్టాండు ఉంటే ఇంకా నయం.

శుభ్రం చేసిన బ్యారెల్‌తో మొదటి 10, 15 రౌండ్లు లెక్కపెట్టకండి. గుండు మీది మైనం బ్యారెల్ లోపల ఒక పొరలా పరుచుకునేదాకా గ్రూప్ (చిల్లులన్నీ పడిన మేర) నిలవదు. రౌండ్ రకం మార్చినప్పుడూ అంతే, పాత మైనం పోయి కొత్తది పరుచుకోవాలి.

ఇక్కడ 5 షాట్ల గ్రూప్ చూసి మోసపోతాం. అవే రౌండ్లతో 10 షాట్ల గ్రూప్ సగటున పావు వంతు పెద్దగా వస్తుంది, అందుకే అందరూ ఐదుదే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఒక్కో రకంతో 10 షాట్ల గ్రూపులు మూడు కాల్చి, అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి, సగటు తీయండి. "ఇది మాత్రం నా తప్పు" అని ఒక చిల్లును లెక్కలోంచి తీసేయకండి. రెండు రకాల సగటుల మధ్య తేడా 20 శాతం లోపుంటే అది అదృష్టం వల్ల వచ్చిన తేడా కావచ్చు. చవకది తీసుకోండి.

ఎంత గ్రూప్ చాలు? మ్యాచ్ మొదటి సగమైన ప్రిసిషన్ దశ టార్గెట్‌లో పదో రింగు 50 మిల్లీమీటర్లు, దాని మధ్యలోని చిన్న రింగు, లోపలి పది, 25. ర్యాపిడ్ టార్గెట్‌లో పది 100 మిల్లీమీటర్లు. మంచి టార్గెట్ పిస్టల్, నచ్చిన రౌండ్‌తో లోపలి పదికి అటూ ఇటూగా గ్రూప్ ఇస్తే చాలు. అంతకంటే ఎందుకు ఆశపడనక్కర్లేదో చూడండి. నిలబడి ఒంటిచేత్తో కాల్చినప్పుడు మీ చేతి చలనం వల్ల 80 మిల్లీమీటర్ల గ్రూప్ వస్తుందనుకుందాం. చేతి తప్పు, పిస్టల్ తప్పు నేరుగా కూడవు, వర్గాలు కూడి వర్గమూలం వస్తుంది. పిస్టల్ గ్రూప్ 25 అయితే మొత్తం 84. పిస్టల్ గ్రూప్ 35కి చెడినా మొత్తం 87. పెట్టెకు రెండింతలు పెట్టి కొన్న రౌండ్ మీకిచ్చేది ఆ 3 మిల్లీమీటర్లు. ఆ డబ్బుతో మామూలు రౌండ్లు ఇంకొన్ని కాల్చుకుంటే చేతి గ్రూప్ 80 నుంచి 70కి రావచ్చు. గ్రూప్ నిజంగానే 50 దాటుతుంటే మాత్రం స్క్రూలు, బ్యారెల్ మూతి, సీసం పేరుకోవడం, ఇదే వరుసలో చూడండి. చిల్లులు గుండ్రంగా కాక కోలగా పడుతుంటే గుండు గాలిలో అడ్డం తిరుగుతోంది, అది ఆర్మరర్ చూడాల్సిన పని.

సైట్లు చివర్లో. గ్రూప్ ఎడమకు పడితే వెనక సైట్‌ను కుడికి, కిందకు పడితే పైకి. సైట్ స్క్రూ ఒక్క క్లిక్‌కి ఎంత జరుగుతుందో మాన్యువల్ చెప్పినా 10 క్లిక్కులు తిప్పి కాల్చి కొలుచుకోండి. బల్ల మీద సరిచేసుకున్న గురి, నిలబడి కాల్చేటప్పుడు కాస్త మారుతుంది. ఆఖరి సర్దుబాటు నిలబడే చేయాలి.

ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, 1000 గ్రాములకు తగ్గకూడదు. మ్యాచ్ తనిఖీలో పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని ట్రిగ్గర్‌కి కిలో బరువు తగిలించి లేపుతారు. సరిగ్గా 1000 దగ్గర పెట్టుకుంటే వాడుకలో స్ప్రింగ్ సర్దుకుని ఒక రోజు ఫెయిలవుతారు. 1030, 1050 మధ్య పెట్టుకోండి. స్ప్రింగ్ బరువు తప్ప లోపల పట్టు ఎంతుందో నిర్ణయించే స్క్రూల జోలికి పోవద్దు.

తర్వాత రోజుల్లో

ప్రతిసారీ కాల్చాక చాంబర్, బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ తుడవండి, ఐదు నిమిషాలు. బ్యారెల్‌ను మాత్రం 300, 500 రౌండ్లకోసారి చాలు. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో, చల్లటి నీళ్లతో కడుక్కోండి. సీసం ధూళి ఉన్న చేత్తోనే సమోసా తినేవాళ్లను చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మే నెలలో హైదరాబాద్‌లో రౌండ్ల పెట్టె కారు డిక్కీలో వదిలేస్తే మైనం మెత్తబడి దుమ్మంతా అంటుకుంటుంది. చలికాలంలో మ్యాచ్ కోసం ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజ్‌కి వెళ్తే దానికి తలకిందులు. మైనం గట్టిపడుతుంది, చిక్కటి నూనె బోల్ట్‌ను పట్టుకుంటుంది. రౌండ్లను జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, పల్చటి నూనె వాడండి. మ్యాచ్ ముందు రాత్రి బ్యారెల్ శుభ్రం చేయకండి, ఎందుకంటే మ్యాచ్‌లో ఇచ్చే 5 సైటింగ్ షాట్లు (లెక్కలోకి రాని, గురి చూసుకునే షాట్లు) మైనం పొర పరచడానికి చాలవు.